ఆడేవాళ్లని చూసి పాట వెయ్యి

ప్రశ్న:

అంకుల్, మీరు ఒక పాత సమాధానంలో, కుర్రతనంలో షికాగోలో హౌస్ మ్యూజిక్ డీజేగా పనిచేశానని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అప్పటినుంచీ మిమ్మల్ని అడగాలనుకుంటున్నాను. నాకు 23 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి షికాగో వచ్చాను. ఇక్కడ మా రూమ్మేట్ హౌస్ మ్యూజిక్, అంటే క్లబ్బుల్లో ఆగకుండా ఆడేందుకు వేసే డాన్స్ సంగీతం, వినిపించాడు, ఇక పిచ్చి పట్టేసింది. సెకండ్ హ్యాండ్‌లో పాటలు కలిపే చిన్న డీజే కంట్రోలర్ కొనుక్కుని రాత్రిళ్లు ప్రాక్టీస్ చేస్తున్నాను. చదువు బాగానే సాగుతోంది. ఫ్రెండ్స్ బర్త్‌డేలకి పాటలు వేస్తుంటాను. ఈమధ్య తెలిసినవాళ్లు ఒక సంగీత్‌కి వచ్చి డీజే చేస్తే 300 డాలర్లు ఇస్తామన్నారు. వాళ్లకి కావాల్సింది మన మాస్ పాటలు. హౌస్ వేస్తే ‘ఏంట్రా ఈ డుబ్ డుబ్’ అంటారు. నేను అడగాలనుకున్నవి ఇవి: వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ ఏళ్లు వేస్టయ్యాయని మీకు అనిపిస్తుందా? సాఫ్ట్‌వేరే బీట్ కలిపేస్తుంటే చెవితో నేర్చుకోవడం ఇప్పుడు అవసరమా? నచ్చని పాటలు వేయాలా? చివరిది, నాన్న పొలం తాకట్టు పెట్టి నన్ను పంపించారు. ఆయనకి ఈ సంగతి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. మే నెలలో కాన్వొకేషన్‌కి అమ్మా నాన్నా వస్తున్నారు. చెప్పమంటారా, దాచమంటారా?

— కె., షికాగో

సమాధానం:

బాబూ, నీ ప్రశ్నల్లోకి వెళ్లేముందు నువ్వు అడగని విషయం ఒకటి చెప్పాలి. మిగతావన్నీ నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు, దీనికి మాత్రం ఆ తీరిక లేదు. ఆ 300 డాలర్లు తీసుకోకు. నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట డబ్బు తీసుకుని ఏ పని చేసినా వీసా స్టేటస్ దెబ్బతింటుంది. క్యాష్ ఇచ్చినా, ఫోన్లో పంపినా, గిఫ్ట్ అని కవర్లో పెట్టి ఇచ్చినా తేడా ఏమీ ఉండదు. రేపు ఓపీటీ, అంటే చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి, వచ్చాక కూడా చేసే పని నీ డిగ్రీకి సంబంధించినదై ఉండాలి, సంగీత్‌లో పాటలు వేయడం దాని కిందికి రాదు. డబ్బు లేకుండానే అయినా సరే, క్లబ్బులోనో హాల్లోనో వేయమని ఎవరైనా అడిగితే ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి అడుగు. వాళ్లు చెప్పింది ఈమెయిల్లో రాయించుకో. మీ పొలం మీదున్న అప్పు తీరడం నీ స్టేటస్ మీద ఆధారపడి ఉంది. ఫ్రెండ్ ఇంట్లో బర్త్‌డేకి ఊరికే పాటలు వేయడం వేరు, అది హాయిగా చేసుకో.

ఇక మొదటి ప్రశ్న. వేస్టయ్యాయా అంటే, లేదు. ఒక్క రాత్రి కూడా కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా నాన్నగారు 1978లో తెనాలి నుంచి ఉద్యోగానికి షికాగో వచ్చారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. మేం షికాగో పక్కనే ఉన్న ఓక్ పార్క్‌లో ఉండేవాళ్లం. ఆ ఊరి పేరు మీదే లైసెన్సున్న డబ్ల్యూబీఎంఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్ ఒకటి ఉండేది, 102.7 మీద వచ్చేది. అందులో 1981 నుంచి హాట్ మిక్స్ ఫైవ్ అని ఐదుగురు డీజేలు పాటలు మిక్స్ చేసి వినిపించేవారు. ఫార్లీ, మికీ ఆలివర్, రాల్ఫీ రొజారియో, కెన్నీ జేసన్, స్కాట్ సిల్జ్. శనివారం రాత్రి అయిందంటే ఈ నగరంలో హైస్కూలు పిల్లలందరూ రేడియో ముందు కేసెట్ పెట్టుకుని కూర్చునేవారు. సోమవారం స్కూల్లో ఆ కేసెట్లు చేతులు మారేవి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు, పోలిష్ వాళ్లు, వాళ్లలో నేనొక్కణ్ణే తెలుగువాణ్ణి. భోజనాల దగ్గర ఎవరి బల్ల వాళ్లదిగా ఉండే ఆ స్కూల్లో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్లేవి ఆ కేసెట్లే. ఒక పాట ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియకుండా గంటసేపు ఎలా వేస్తున్నారన్నది నాకు అంతుపట్టేది కాదు. అది తెలుసుకోవాలన్న కోరికతోనే నేను ఇందులోకి వచ్చాను.

మా స్కూల్లోనే నాకంటే రెండేళ్లు పెద్దవాడైన ఒక అబ్బాయి వాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో రెండు టెక్నిక్స్ టర్న్‌టేబుల్స్ ఉండేవి, ఎస్ఎల్-1200 ఎంకే2 అనే మోడల్. 1979లో వచ్చిన ఆ యంత్రం ఈ పనికి ప్రాణం. మోటారు నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది కాబట్టి చెయ్యి పెట్టి ఆపి వదిలినా క్షణంలో వేగం అందుకుంటుంది. కుడిచేతి పక్కన ఒక స్లైడర్ ఉంటుంది, దాన్ని జరిపితే పాట వేగం ఎనిమిది శాతం దాకా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. నా దగ్గరున్నది పాత బెల్టు టర్న్‌టేబుల్. దానితో ఈ పని కుదిరేది కాదు. అందుకని స్కూలు అయిపోగానే ఆ బేస్‌మెంట్‌కి పరిగెత్తేవాణ్ణి.

నేర్చుకోవడమంటే ఏమిటో చెప్తాను, నీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఒక పాట స్పీకర్లలో వినిపిస్తూ ఉంటుంది. రెండోది హెడ్‌ఫోన్‌లో ఒక చెవికి మాత్రమే వినిపిస్తుంది. రెండింటి వేగం ఒకటయ్యేదాకా స్లైడర్‌తో సరిచేయాలి. ఒకటి నిమిషానికి 120 దెబ్బలు, ఇంకోటి 122 అనుకో. నువ్వు మొదటి దెబ్బ సరిగ్గా కలిపి వదిలినా పావు నిమిషంలో అరదెబ్బ తేడా వచ్చేస్తుంది. రెండు పాటల డ్రమ్ము దెబ్బలూ విడిపోయి తడబడతాయి, ఆడేవాడి కాలు కూడా తడబడుతుంది. అప్పట్లో ఏ స్క్రీనూ లేదు. ఏది ముందుకెళ్తోందో, ఏది వెనకబడుతోందో చెవే చెప్పాలి. మొదట్లో నెలల తరబడి ఏమీ తెలియలేదు. తర్వాత ఒకసారి తెలిసింది, ఇక పోలేదు.

వేగం కలిస్తే చాలదు. నాలుగు దెబ్బలు ఒక బారు, ఎనిమిది బార్లు తిరిగేసరికి పాట మలుపు తీసుకుంటుంది. కొత్తగా తాళాల చప్పుడు వచ్చి చేరుతుంది, లేదా బేస్, అంటే అడుగున మోగే లోతైన శబ్దం, వస్తుంది, లేదా గొంతు వస్తుంది. రెండో పాట ఆ మలుపు దగ్గరే మొదలవ్వాలి. మా అమ్మ కీర్తనలు నేర్పిస్తూ తొడ మీద వేయించిన ఆది తాళం వల్ల ఈ లెక్క నాకు తొందరగా పట్టుబడింది. ఇక బేస్ సంగతి. రెండు పాటల బేస్‌లు ఒకేసారి మోగితే గదంతా బురదగా ఉంటుంది. ఒకదాని బేస్ తగ్గిస్తూ ఇంకోదానిది తేవాలి. ఇదంతా చేస్తూ తలెత్తి జనాన్ని చూడాలి.

అందుకే బీట్‌ని దానంతటదే కలిపేసే సింక్ బటన్ గురించి నాకు పట్టుదల ఏమీ లేదు. వాడుకో. కానీ కొన్నాళ్లు మాత్రం దాన్ని పక్కన పెట్టి, స్క్రీన్ మీద నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే బీపీఎం అంకె కనిపించకుండా టేపు అంటించి, చెవితో కలపడం నేర్చుకో. బీట్ కలపడం కోసం కాదు, దాన్ని యంత్రం నీకంటే బాగా చేస్తుంది. ఒకేసారి రెండు పాటల్ని విడివిడిగా వినగలిగే చెవి రావాలి, అందుకోసం. ఆ చెవి వచ్చాక సింక్ వాడితే చేతులకి ఖాళీ దొరుకుతుంది, కళ్లు పైకి లేస్తాయి. ఆ చెవి లేకుండా వాడేవాళ్లు ఇంకా స్క్రీన్ వంకే చూస్తూ ఉంటారు. అలాంటివాళ్లని ఇప్పుడు చాలామందిని చూస్తున్నాను, నాకు బాధ కలుగుతుంది. ఎదురుగా రెండువందల మంది మనుషులుంటారు. వీళ్ల కళ్లు లాప్‌టాప్ మీదే ఉంటాయి.

నువ్వు ఇష్టపడిన సంగీతం నువ్వుండే ఊళ్లోనే పుట్టింది. వీలు చూసుకుని సౌత్ జెఫర్సన్ వీధికి వెళ్లు, 206 నంబరు భవనం ఇంకా ఉంది. 1977లో రాబర్ట్ విలియమ్స్ అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బు నడపడం మొదలుపెట్టి, న్యూయార్క్ నుంచి ఫ్రాంకీ నకల్స్‌ని డీజేగా తీసుకొచ్చాడు. ఫ్రాంకీకి అప్పుడు 22 ఏళ్లు, నీకంటే ఒక ఏడాది చిన్నవాడు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్లు. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు, వేరే క్లబ్బుల్లోకి రానివ్వనివాళ్లు. శనివారం రాత్రి వచ్చి ఆదివారం తెల్లవారినా కదిలేవాళ్లు కాదు. ఆ వేర్‌హౌస్ పేరులోంచే ఈ సంగీతానికి హౌస్ అని పేరొచ్చింది. ఆ భవనాన్ని 2023లో షికాగో నగరం చారిత్రక కట్టడంగా గుర్తించింది. ఆ వార్త విన్నరోజు నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

ఇంకో సంగతి కూడా తెలుసుకో. 1979 జూలై 12న ఈ నగరంలోనే, కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో రెండు మ్యాచ్‌ల మధ్య ఒక రేడియో జాకీ డిస్కో రికార్డుల్ని కుప్పపోయించి పేల్చాడు. జనం మైదానంలోకి దూకారు, రెండో మ్యాచ్ ఆగిపోయింది. ఆరోజు అక్కడ సీట్లు చూపించే పని చేస్తున్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఒక విషయం గమనించాడు. జనం తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లవాళ్ల రికార్డులు కూడా చాలా ఉన్నాయి. ఐదేళ్ల తర్వాత, 1984లో, అదే విన్స్ లారెన్స్ తన స్నేహితుడు జెస్సీ సాండర్స్‌తో కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ అనే పాట చేశాడు. రికార్డుగా అచ్చయిన మొదటి హౌస్ పాట అదేనని చాలామంది ఒప్పుకుంటారు. రికార్డు కంపెనీలు డిస్కోని వదిలేశాక, ఫ్రాంకీలాంటివాళ్లు ఉన్న పాత పాటల్నే టేపు మీద కోసి, అతికించి, పొడిగించి, కింద డ్రమ్ మెషీన్ పెట్టి డాన్స్ ఫ్లోర్‌ని నిలబెట్టుకున్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇది తెలియకపోతే డీజే పని ఏమిటో తెలియదు. ఆ గదికి వచ్చినవాళ్లకి బయట చోటు లేదు. అందుకని ఫ్రాంకీ పాట ఎంచుకుంటున్నప్పుడు తన గొప్ప చూపించుకోవడం లెక్కలో ఉండేది కాదు. ఎదురుగా ఉన్నవాళ్లు ఈ రాత్రి ఎలా ఉన్నారన్నదే లెక్క. ఆ తర్వాతి ఏళ్లలో ఎయిడ్స్ ఆ ఫ్లోర్ల మీద ఆడినవాళ్లని ఎంతోమందిని తీసుకుపోయింది. నేను వాళ్ల వెనక వచ్చిన తరంవాణ్ణి. నాకు పని నేర్పినవాళ్లందరూ ఆ గదుల్లో నిలబడి నేర్చుకున్నవాళ్లే. పాట ఎంచుకునే ముందు తలెత్తి చూడు, ఎవరు ఎలా ఉన్నారో చూడు అని వాళ్లు నాకు పదేపదే చెప్పేవారు. నేనిప్పుడు నీకు చెప్పేదీ అదే.

చూడటమంటే ఎక్కడ చూడాలో కూడా చెప్తాను. మధ్యలో ఎగిరెగిరి ఆడేవాళ్లని కొత్త డీజేలందరూ చూస్తారు. వాళ్లు ఏ పాటకైనా ఆడతారు, వాళ్లని చూసి ఏమీ తెలియదు. అంచుల్లో చూడు. గోడకి ఆనుకుని నిలబడ్డవాడి కాలు కదులుతోందా? కోటు ఇంకా విప్పలేదా? పాట మారగానే ఆడవాళ్లు ఫ్లోర్ దిగి వెళ్లిపోతున్నారా? వెళ్లిపోతుంటే అది పాట వల్లా, లేక ఎవరో మగవాళ్లు మీదమీదకి వస్తున్నారా? రెండోదైతే పాట మార్చి లాభం లేదు, నిర్వాహకుడికి చెప్పాలి. అది కూడా నీ పనే. నీళ్లకోసం జనం కదిలితే కంగారుపడకు, వాళ్లు తిరిగొస్తారు. ఫోన్లు బయటికి తీస్తున్నారంటే మాత్రం ఆలోచించాలి.

నేను పందొమ్మిదేళ్లప్పటినుంచీ కొన్నేళ్లపాటు చిన్న క్లబ్బుల్లో వేశాను. ఎక్కువసార్లు మొదటి రెండు మూడు గంటలే నావి. పదింటికి తలుపు తీసినప్పుడు ఫ్లోర్ ఖాళీగా ఉంటుంది. అప్పుడే అందరికీ తెలిసిన పెద్ద పాటలు వేసేస్తే వెనక వచ్చే డీజేకి ఏమీ మిగలదు, వచ్చినవాళ్లకీ ఊపిరాడదు. వేగం తక్కువగా, సౌండ్ తక్కువగా, పక్కవాళ్లతో మాట్లాడుకునేలా మొదలుపెట్టి, ఫ్లోర్ నిండేసరికి పక్కకి తప్పుకోవాలి. ఆ పని ఎవరూ గమనించరు, పేరూ రాదు. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ మొదటి గంటలే. ఒంటరిగా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే గోడ దగ్గర్నుంచి కదిలి మధ్యకి రావడం అప్పుడే కనిపిస్తుంది. మన ఊళ్లో భజన చేసేటప్పుడు పెద్దాయన అందరి గొంతులూ కలిసేదాకా నెమ్మదిగా పాడించి, ఆ తర్వాతే వేగం పెంచుతాడు చూడు, అలాంటి పని అది.

అంటే ఎప్పుడూ వాళ్లకి తెలిసిన పాటలే వేయాలా అని అడుగుతావు. కాదు. రాన్ హార్డీ సంగతి చెప్తాను. అతను మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో వేసేవాడు. ఒక్కో రికార్డుని మామూలు వేగం కంటే బాగా పెంచి, ఒక్కోసారి వెనక్కి తిప్పి వేసేవాడు. పదహారేళ్లప్పుడు మా స్నేహితుడి అన్నయ్య వెంట ఒక్కసారి వెళ్లాను. ఆ వేడీ, ఆ మోతా ఒంట్లోకి వచ్చేశాయి. ఆ రోజుల్లోనే డీజే పియెర్ అనే కుర్రాడూ అతని స్నేహితులూ రోలండ్ కంపెనీవాళ్ల టీబీ-303 అనే పెట్టెతో ఒక పాట చేశారు. ఆ పెట్టెని గిటార్ వాయించేవాళ్లకి పక్కన బేస్ వినిపించడానికి తయారుచేశారు. అది అమ్ముడుపోక 1984లో ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేది. వీళ్లు దాని బటన్లు ఇష్టమొచ్చినట్టు తిప్పితే ఎవరూ వినని శబ్దం వచ్చింది. టేపు రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేస్తే ఫ్లోర్ ఖాళీ అయిపోయిందని, ఆ రాత్రే అతను దాన్ని మళ్లీ మళ్లీ వేశాడని, నాలుగోసారికి జనం వెర్రెత్తిపోయారని పియెర్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 1987లో అది ‘యాసిడ్ ట్రాక్స్’ పేరుతో రికార్డుగా వచ్చింది. ఆ ధైర్యం హార్డీకి ఎక్కడిదంటే, ఆ జనాన్ని అతను వారం వారం ఏళ్ల తరబడి చూస్తున్నాడు. వాళ్లు తనని నమ్ముతారని అతనికి తెలుసు. ముందు ఆ నమ్మకం సంపాదించుకున్నాక కొత్తది వెయ్యి, అప్పుడు వాళ్లు ఆగి వింటారు.

దీన్నిబట్టే నీ మూడో ప్రశ్నకి జవాబు చెప్తున్నాను. మన మాస్ పాటల్ని చిన్నచూపు చూడకు. సంగీత్‌కి వచ్చిన పెద్దమ్మలూ బాబాయిలూ ఆడాలని వచ్చారు. వాళ్ల ఊరి డప్పు వాళ్లకి కావాలి, అది వాళ్ల హక్కు. ఫ్రెండ్స్ ఇళ్లల్లో వేసేటప్పుడు అవే పాటలు మనసుపెట్టి వెయ్యి. ఎక్కడ పల్లవి వదిలేయాలో, ఎక్కడ డప్పు మాత్రమే ఉంచాలో, ఏ పాట పక్కన ఏ పాట బాగుంటుందో పట్టుకో. ఫ్రాంకీ డిస్కో పాటలతో చేసింది అదే. రాత్రి బాగా పొద్దుపోయాక, పెద్దవాళ్లు కూర్చున్నాక, నీ ఈడు వాళ్లు మిగిలినప్పుడు ఒక హౌస్ పాట డప్పు కిందనుంచి మెల్లగా తీసుకురా. డుబ్ డుబ్ అన్నవాళ్లే అప్పుడు ఆడొచ్చు. ఆడకపోతే మళ్లీ డప్పుకి తీసుకెళ్లు. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఆడవాళ్లని కించపరిచే పాట ఎవరు అడిగినా నేను వేసేవాణ్ణి కాదు. నువ్వూ వేయకు. గదిలో సగం మందిని తలదించుకునేలా చేసే పాటతో ఫ్లోర్ నిండినట్టు నేను అనుకోను.

ఇక్కడ నీకు నచ్చే మాట ఒకటి చెప్తాను. బొంబాయి సినిమా పాటలకి వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో, షికాగో కుర్రాళ్లకంటే ముందే, అదే టీబీ-303నీ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌నీ పెట్టుకుని, డిస్కో దరువు మీద పది రాగాలు వాయించి ఎల్పీ చేశాడు. అది అప్పట్లో అమ్ముడుపోలేదు. షికాగోలో ఎవరూ దాన్ని విన్న దాఖలా లేదు, ఎవరూ ఎవర్నీ అనుకరించలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. దాన్ని ఒకసారి విను. ఈ యంత్రాలు మనకి పరాయివి కావని నీకే అర్థమవుతుంది.

కష్టాలు కూడా చెప్పాలి కదా. డబ్బు చాలా తక్కువ. చేతికొచ్చింది రికార్డులకే అయిపోయేది. క్లార్క్ వీధిలో గ్రామఫోన్ రికార్డ్స్ అని 1969 నుంచీ ఒక షాపుంది, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ కౌంటర్ వెనక ఉన్నవాళ్లని అడిగితే ఏ క్లాసులోనూ దొరకని చదువు దొరుకుతుంది. నిద్ర ఉండేది కాదు. ఆదివారం పొద్దున అమ్మానాన్నలతో అరోరా బాలాజీ గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేస్తుంటే కళ్లు మూతలు పడేవి. నీకు చదువూ ఉంది కాబట్టి వారంలో ఫలానా రాత్రులని గీత గీసుకో. మందూ ఇతర అలవాట్లూ ఈ పని చుట్టూ ఎప్పుడూ ఉంటాయి. నేను మంచినీళ్ల సీసాతో నిలబడేవాణ్ణి, ఎవరూ నన్ను తక్కువ చేయలేదు. అన్నిటికంటే ముఖ్యం చెవులు. 85 డెసిబెల్స్ మోత రోజుకి ఎనిమిది గంటలు దాటకూడదని అమెరికా ఆరోగ్య సంస్థలు చెప్తాయి. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి సగం తగ్గుతుంది. క్లబ్బుల్లో మామూలే అయిన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే గడువు. నాతోపాటు వేసినవాళ్లలో కొందరికి ఇప్పుడు నిశ్శబ్దంలో కూడా చెవుల్లో ఈల మోగుతూనే ఉంటుంది, దానికి మందు లేదు. సంగీతం వినేవాళ్లకోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఈ వారమే కొనుక్కో. హెడ్‌ఫోన్ సౌండ్ కూడా తగ్గించు.

పాటలు డబ్బిచ్చి కొను. ఆ తొలి రోజుల్లో పాటలు చేసిన కుర్రాళ్లలో చాలామందికి రావాల్సిన డబ్బు రాలేదు. ఇప్పుడు నేరుగా వాళ్లకే ఎక్కువ భాగం చేరే వెబ్‌సైట్లున్నాయి. నెలకి నాలుగు పాటలు కొన్నా చాలు. ఆ నాలుగూ నీకు ప్రతి బారూ నోటికి వచ్చేస్తాయి. వెయ్యి పాటలు డౌన్‌లోడ్ చేసుకున్నవాడికి ఒక్కటీ రాదు.

ఇరవై ఐదు దాటాక నేను క్లబ్బుల్లో వేయడం మానేశాను. కాలేజీలో విద్యార్థులకి సలహాలిచ్చే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పొద్దున్నే లేవాలి. బాధపడుతూ మానలేదు. నా ఉద్యోగంలో ప్రతి సెమిస్టరూ కొత్త పిల్లలు ఒక గదిలో కూర్చుంటారు. ఎవరు మాట్లాడుతున్నారో అందరికీ కనిపిస్తుంది. ఎవరు గోడ దగ్గరే ఉండిపోయారో, ఎవరు లేచి వెళ్లిపోవాలని చూస్తున్నారో నాకు ముందే తెలుస్తుంది. ఇది నాకు ఏ డిగ్రీ నేర్పలేదు, ఆ రాత్రులు నేర్పాయి. ఇదే వృత్తిగా పెట్టుకో అని కానీ, వద్దు అని కానీ నేను నీకు చెప్పను. ఇప్పుడు తేల్చుకోవాల్సిన అవసరమే లేదు. ఉద్యోగమూ ఇదీ కలిసి నడవవని మాత్రం అనుకోకు. షికాగోలో ఛోజెన్ ఫ్యూ అని డెబ్భైల చివరినుంచీ పేరున్న డీజేల బృందం ఉంది. అందులో అలన్ కింగ్ వృత్తిరీత్యా లాయరు. కోర్టు పనీ చేశాడు, పాటలూ వేశాడు.

ఇక మీ నాన్నగారు. చెప్పు. దాచితే అది తప్పుడు పని అన్నట్టు నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. కానీ ఫోన్లో ‘నాన్నా, నేను డీజే నేర్చుకుంటున్నా’ అని మొదలుపెట్టకు. ఆయన చూసిన డీజే పెళ్లి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనంలో ఇళ్ల కిటికీలు అదిరేలా స్పీకర్లు కట్టిన లారీ. 2024లో హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపుల్లో పోలీసులు వాటిని నిషేధించిన వార్త కూడా చూసే ఉంటారు. పొలం తాకట్టు పెట్టి పంపిన కొడుకు ఆ మాట అంటే ఆయన గుండె ఆగినంత పనవుతుంది. ముందు మార్కులు చెప్పు, ఉద్యోగం ప్రయత్నాలు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పు, అప్పు ఎలా తీర్చాలనుకుంటున్నావో లెక్క చెప్పు. అవన్నీ అయ్యాక, ‘సాయంత్రాలు ఒక సంగీతం నేర్చుకుంటున్నాను, మీరొచ్చినప్పుడు వినిపిస్తాను’ అను. డబ్బు ఇస్తామన్నా వీసాకోసం వద్దన్నానని కూడా చెప్పు, అది ఆయనకి ధైర్యం ఇస్తుంది.

వాళ్లొచ్చాక ఇంట్లో తక్కువ సౌండ్‌లో, ఆయనకి ఇష్టమైన పాత పాటలు రెండు తీసుకుని కలిపి వినిపించు. ఆయన వయసులో ఏం విన్నారో ముందే అమ్మని అడిగి తెలుసుకో. నీ చేతులు ఏం చేస్తున్నాయో దగ్గర కూర్చోబెట్టుకుని చూపించు. ఆయన కూడా నీకు ఒక ఫ్లోరే అనుకో, ఆయన ముఖం చూస్తూ వెయ్యి. నచ్చకపోతే ఆపెయ్, మర్నాడు ఇంకోటి వెయ్యి.

వీలైతే వాళ్ల తిరుగు టికెట్ జూలై రెండోవారం దాకా పొడిగించు. ఛోజెన్ ఫ్యూ వాళ్లు ఏటా జూలై మొదట్లో జాక్సన్ పార్క్‌లో పిక్నిక్ పెడతారు. 1990లో ఒక కుటుంబం కలుసుకోవడానికి పెట్టుకున్న చిన్న వంటావార్పు అది, ఇప్పుడు వేలాదిమంది వస్తారు. బామ్మలు, మనవలు, మడత కుర్చీలు, పొయ్యిల మీద మాంసం కాలుతున్న వాసన, పొద్దున్నుంచి రాత్రిదాకా హౌస్ మ్యూజిక్. ఆ రోజుల్లో కుర్రాళ్లుగా ఆడినవాళ్లు ఇప్పుడు అరవై దాటినా పచ్చిక మీద ఆడుతుంటారు. మీ నాన్నగారి వయసువాళ్లే వాళ్లంతా. టికెట్లు ముందే కొనుక్కో, పొద్దున్నే వెళ్లి చెట్టు నీడ పట్టుకో. అమ్మని పులిహోర కలపమను. నేనూ మా ఇంటావిడా ప్రతి ఏడాదీ వెళ్తాం. మాకు ఉత్తరం రాసి చెప్పావంటే మీ పక్కనే కూర్చుంటాం.